అదే దగ్గు, అదే జ్వరం... వైరస్ మాత్రం వేరు!

మీ ఇంట్లో ఒకరికి జలుబు, జ్వరం వస్తే మీరేం చేస్తారు? మిరియాలు, శొంఠి దంచి కషాయం కాస్తారు. రాత్రికి పసుపు వేసి ఆవిరి పట్టిస్తారు. రెండోరోజుకీ తగ్గకపోతే అలమరలోని మందుల డబ్బా తెరుస్తారు. కిందటిసారి పెద్దవాడికి డాక్టరు రాసిన మాత్రలు నాలుగు మిగిలి ఉంటాయి. "అదే జ్వరం కదా, అదే మాత్ర వేద్దాం" అని చిన్నవాడికి సగం విరిచి వేస్తారు. అవునా? కంగారు పడకండి, మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు ఇది రాస్తున్నది. నేనూ మీ బాపతే.

కిందటేడు శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతానికి మా అమ్మాయి తన పద్నాలుగు నెలల బాబుని తీసుకుని పుట్టింటికి వచ్చింది. వ్రతం అయిన మూడోరోజున బాబుకి ముక్కు కారడం మొదలైంది. ఆ మర్నాడు మా అత్తగారికి చలి, ఒళ్ళునొప్పులు, దగ్గు. ఆవిడకి డెబ్భై రెండేళ్ళు, షుగరు కూడా ఉంది. "ముద్దొస్తున్నాడని ఒళ్ళో వేసుకు కూర్చున్నానుగా, వాడిదే నాకంటుకుంది" అన్నారావిడ. మేమందరం అదే అనుకున్నాం. నేను వీధి చివర మందుల షాపుకి వెళ్ళి జలుబు, జ్వరం అనగానే అక్కడి అబ్బాయి మూడురోజుల యాంటీబయాటిక్ కోర్సు చేతిలో పెట్టాడు. తెచ్చి ఆవిడ చేత ఒక మాత్ర మింగించాను కూడా.

ఆ రాత్రి బాబు పాలు తాగడం మానేశాడు. ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు, డొక్కలు ఎగరేయడం. అత్తగారికి చూస్తే జ్వరం నూటమూడు. రాత్రి పదకొండింటికి ఇద్దర్నీ ఆటో ఎక్కించి ఆసుపత్రికి పరుగెత్తాం. అక్కడ బాబుకి ఆక్సిజన్ పెట్టి, ఇద్దరి ముక్కుల్లోంచీ శాంపిల్స్ తీశారు. విచిత్రమేమిటంటే, అత్తగారికి రిపోర్టు రాకముందే ఫ్లూ మందు మొదలుపెట్టారు. బాబుకి అది ఇవ్వలేదు. యాంటీబయాటిక్ ఇద్దరికీ వద్దన్నారు. "ఒకే జబ్బుకి ఇద్దరికీ రెండు రకాల వైద్యమేమిటండీ?" అని అడిగాను. "ఒకే జబ్బని మీకెవరు చెప్పారమ్మా?" అన్నారు డాక్టరుగారు.

మర్నాడు సాయంత్రం రిపోర్టులు వచ్చాయి. అత్తగారికి ఇన్‌ఫ్లుయెంజా-ఎ, అంటే అసలైన ఫ్లూ. బాబుకి ఆర్‌ఎస్‌వీ అనే మరో వైరస్. ఒకే ఇల్లు, ఒకే వారం, అదే దగ్గు. ఒకరిది ఒకరికి అంటుకోనే లేదు! నేను కొనితెచ్చిన యాంటీబయాటిక్ ఆ రెండింటిలో దేన్నీ ఏమీ చేయలేదు.

అప్పటినుంచీ ఈ సంగతి గురించి కనిపించిన డాక్టరునల్లా, ల్యాబ్‌లో పనిచేసేవాళ్ళనల్లా విసిగించి తెలుసుకున్నవి మీకూ చెప్పాలనిపించింది.

గుంపులో ఎవరెవరున్నారు?

నూట పాయింట్ నాలుగు డిగ్రీలకి తగ్గని జ్వరం, దానితో దగ్గు, మొదలై పదిరోజులు దాటకపోవడం. ఈ మూడూ ఉంటే దాన్ని "ఫ్లూ లాంటి జబ్బు" అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన లెక్క ఇది. "లాంటి" అనే మాట గమనించారా? డాక్టర్లు ఊరికే అనలేదు. రోగి ముఖం చూసి, గుండెకి స్టెతస్కోపు పెట్టి, ఇది ఫలానా వైరస్సే అని చెప్పడం ఎంత అనుభవమున్న డాక్టరుకైనా కష్టమే. ఎందుకంటే ఆ గుంపు పెద్దది.

ఇన్‌ఫ్లుయెంజాలోనే ఎ, బి రకాలున్నాయి. మనం స్వైన్‌ఫ్లూ అని భయపడిన హెచ్1ఎన్1, 2023 మార్చిలో పేపర్ల నిండా కనిపించిన హెచ్3ఎన్2, రెండూ "ఎ" కుటుంబంవే. తర్వాత కోవిడ్ తెచ్చే కరోనా. పసిపిల్లల ఊపిరితిత్తుల్లో సన్నటి గొట్టాలను పూడ్చేసే ఆర్‌ఎస్‌వీ. దానికి చుట్టమైన హెచ్ఎంపీవీ. పిల్లలు కుక్క మొరిగినట్టు దగ్గుతుంటే సాధారణంగా అది పారాఇన్‌ఫ్లుయెంజా పని. జ్వరంతోపాటు కళ్ళు ఎర్రబడితే అడినోవైరస్‌ని అనుమానిస్తారు. ఇక మామూలు పడిశం తెచ్చే రైనోవైరస్‌లలో నూటికి పైగా రకాలున్నాయి. "మొన్ననేగా జలుబు చేసింది, మళ్ళీనా!" అని మనం విసుక్కునేది అందుకే. అది మొన్నటిది కాదు, దాని తోబుట్టువు.

మరి ఇన్నిటిలో ఏదో తేల్చాలంటే? చూసి లాభం లేదు, వైరస్‌ని పట్టుకోవాల్సిందే.

ఆ పట్టుకోవడం మొదట్లో ఎంత కష్టమైందో వింటే ఆశ్చర్యమేస్తుంది. 1892లో రిచర్డ్ ఫైఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఫ్లూ రోగుల కఫంలో ఒక బ్యాక్టీరియాను చూసి, జబ్బుకి కారణం ఇదేనన్నాడు. 1918 నాటి మహా ఫ్లూలో ఒక్క మన దేశంలోనే కోటికి పైగా ప్రాణాలు పోయాయని అంచనా. అప్పుడు కూడా చాలామంది డాక్టర్లు ఆ బ్యాక్టీరియా కోసమే వెతికారు. చివరికి 1933లో లండన్‌లో విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్, పాట్రిక్ లెయిడ్‌లా అనే ముగ్గురు, ఫ్లూ రోగి పుక్కిలించి ఉమ్మిన నీళ్ళను బ్యాక్టీరియా దూరలేనంత సన్నటి జల్లెడలో వడగట్టి, ఫెర్రెట్ల ముక్కుల్లో చుక్కలు వేశారు. ఫెర్రెట్ అంటే మన ముంగిసలా ఉండే జంతువు. వాటికి ఫ్లూ వచ్చింది. కొన్నాళ్ళకి జబ్బుపడిన ఫెర్రెట్ ఒకటి స్మిత్ ముఖం మీదే తుమ్మింది, ఆయనకీ ఫ్లూ వచ్చింది! ఆయన గొంతులోంచి తీసిన వైరస్‌కి ఆయన పేరులోని పొడి అక్షరాలే పెట్టారు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు వైరస్‌ని పెంచి చూడటమే పరీక్ష. పది పదకొండు రోజులు పొదిగిన కోడిగుడ్డులోకి శాంపిల్ ఎక్కించి, వైరస్ పెరుగుతుందేమో చూసేవారు. రిపోర్టు వచ్చేసరికి రోగి లేచి తిరుగుతుండేవాడు, లేదా... అర్థమైందిగా. గుడ్లలో పెంచే పద్ధతి ఇప్పటికీ ఉంది కానీ, రోగికి వైద్యం చేయడానికి కాదు, టీకాలు తయారుచేయడానికి.

ముక్కులో పుల్ల పెట్టి ఏం చేస్తారు?

కోవిడ్ రోజుల్లో మనలో చాలామందికి ఈ అనుభవం అయ్యే ఉంటుంది. కళ్ళలో నీళ్ళు తిరిగి, "ఇంత లోపలికి అవసరమా?" అని తిట్టుకుని ఉంటారు. అవసరమే. వైరస్ ఎక్కువగా పెరిగేది ముక్కు ముందుభాగంలో కాదు, ముక్కూ గొంతూ కలిసే చోట. పెద్దవాళ్ళలో ముక్కు రంధ్రం నుంచి చెవిదాకా ఎంత దూరమో, ఇంచుమించు అంత లోపలికి పుల్ల వెళ్ళాలి. అక్కడ కొన్ని క్షణాలు ఉంచి మెల్లగా తిప్పి తీయాలి. గొంతులోంచి తీసేటప్పుడు నాలుకకి తగలకుండా టాన్సిల్స్ దగ్గర, వెనుక గోడ మీద రుద్దుతారు. పైపైన తిప్పి తీసేస్తే మీకు హాయిగానే ఉంటుంది కానీ, వైరస్ ఉన్నా రిపోర్టులో లేదని వచ్చే ప్రమాదముంది. బాగా పసివాళ్ళకయితే సన్నటి గొట్టంతో చీమిడి పీల్చి తీస్తారు.

మీ చంటివాడికి తీయించాల్సి వస్తే ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. వాడి వీపు మీ పొట్టకి ఆనాలి. ఒక చేత్తో వాడి రెండు చేతులూ, ఇంకో చేత్తో నుదురూ పట్టుకుని తల మీ గుండెకి ఆనించుకోండి. తల కదిలితేనే గుచ్చుకుంటుంది. కదలకుండా పట్టుకుంటే పది సెకన్ల పని. ముందుగా ముక్కు చీదించి తీసుకెళ్తే మరీ మంచిది.

ఆ పుల్ల చివర ఉండేది మామూలు దూది కాదు, నైలాన్ లాంటి కృత్రిమ నూలు. చెక్కపుల్ల, దూది అయితే వాటిలోని పదార్థాలు పరీక్షకి అడ్డుతగులుతాయి. కాబట్టి ఇంట్లో ఇయర్‌బడ్‌తో తీసి డబ్బాలో పెట్టి పంపితే పనికిరాదు (నిజంగా అలా చేసినవాళ్ళున్నారట!). తీసిన వెంటనే పుల్లని గులాబిరంగు ద్రవం ఉన్న చిన్న సీసాలో ముంచి, కాడ విరిచి, మూత బిగించి, ఐస్ పెట్టెలో పెడతారు. ఎందుకంటే ఈ వైరస్‌లలో చాలావాటి లోపల ఉండేది ఆర్‌ఎన్‌ఏ. అది ఎండలో పెట్టిన పాలలాగా తొందరగా పాడైపోతుంది. పాడైతే ల్యాబ్ ఎంత గొప్పదైనా చేయగలిగిందేమీ లేదు.

ఇక పీసీఆర్ పరీక్ష. ఈ పద్ధతిని 1983లో కారీ మల్లిస్ అనే అమెరికన్ ఆలోచించాడు, పదేళ్ళకి నోబెల్ బహుమతి వచ్చింది. ఆలోచన చాలా సులువైనది. శాంపిల్‌లో వైరస్ ఆనవాలు ఎంత కొంచెం ఉన్నా సరే, దాన్ని ఒకటికి రెండు, రెండుకి నాలుగు చేసుకుంటూ పోవడం. పదిసార్లు రెట్టించేసరికి 1,024 అవుతుంది. ఇరవైసార్లకి 10 లక్షలు దాటుతుంది. ముప్పైసార్లకి 100 కోట్లు దాటుతుంది! ఆర్‌ఎన్‌ఏని ముందు డీఎన్‌ఏగా మార్చుకుని, ఏ వైరస్ కోసం వెతుకుతున్నారో దానికి మాత్రమే అతుక్కునే చిన్న ముక్కలు కలుపుతారు. అది ఉంటే రెట్టింపవుతూ మెరుపు వస్తుంది, యంత్రం ఆ మెరుపుని పట్టుకుంటుంది. లేకపోతే ఏమీ జరగదు. ఫ్లూ, కోవిడ్, ఆర్‌ఎస్‌వీ... ఇలా చాలా వైరస్‌లకి ఒకేసారి చేసే పరీక్షలు కూడా వచ్చాయి. అత్తగారికీ బాబుకీ చేసింది అదే. ఖర్చు మాత్రం వేలల్లోనే.

దీనికన్నా చవకది పావుగంటలో తేలే ర్యాపిడ్ పరీక్ష. గీత పడితే నమ్మవచ్చు. ఫ్లూ విషయంలో గీత పడకపోతే మాత్రం నమ్మడానికి లేదు. నిజంగా ఫ్లూ ఉన్న వందమందిలో ఇది పట్టుకునేది 50 నుంచి 70 మందినే. మిగతావాళ్ళు "నాకేం లేదు" అనుకుని ఇంటికెళ్తారు.

ఇంకో మాట. పరీక్ష చేయించేదేదో మొదటి మూడు నాలుగు రోజుల్లోనే చేయించాలి. ముక్కులో వైరస్ ఎక్కువగా ఉండేది అప్పుడే. వారం రోజులు కషాయాలన్నీ అయ్యాక వెళ్తే ల్యాబ్‌కి దొరకకపోవచ్చు.

అయితే జలుబు చేసినప్పుడల్లా పరీక్షేనా?

వద్దు. ఇది చాలామంది పొరబడే విషయం. స్వైన్‌ఫ్లూ వచ్చినప్పుడు కేంద్ర ఆరోగ్యశాఖ రోగుల్ని ఎ, బి, సి అని మూడు తరగతులు చేసింది. కొద్దిపాటి జ్వరం, దగ్గు, గొంతునొప్పి ఉన్నవాళ్ళు "ఎ". వాళ్ళకి పరీక్షా వద్దు, ఫ్లూ మందూ వద్దు. ఇంట్లోనే విడిగా ఉండి, విశ్రాంతి తీసుకుని, ఒకటి రెండు రోజుల్లో ఎలా ఉందో చూసుకోవాలి. ఊపిరి ఆడకపోవడం, గుండెల్లో నొప్పి, మగత, కఫంలో రక్తం, గోళ్ళు నీలంగా మారడం లాంటివి ఉంటే "సి". వాళ్ళకి వెంటనే ఆసుపత్రి, పరీక్ష, మందు.

మనం బాగా గుర్తుపెట్టుకోవాల్సింది మధ్యలో ఉన్న "బి" గురించి. గర్భిణులు, పసిపిల్లలు, 65 ఏళ్ళు దాటినవాళ్ళు, షుగరు, ఆస్తమా, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు, క్యాన్సర్‌కి మందులు వాడుతున్నవాళ్ళు. వీళ్ళకి లక్షణాలు తక్కువగా ఉన్నా సరే డాక్టరు ఫ్లూ అనుకుంటే రిపోర్టు కోసం ఆగకుండా మందు మొదలుపెట్టవచ్చు. ఎందుకంటే ఫ్లూకి వాడే ఒసెల్టామివిర్ బాగా పనిచేసేది జబ్బు మొదలైన 48 గంటల్లోపు ఇస్తేనే. మా అత్తగారికి ముందే మొదలుపెట్టింది అందుకే. అప్పటికి ఆవిడకి జ్వరం మొదలై ఒక రోజు దాటింది. నా యాంటీబయాటిక్‌ని నమ్ముకుని ఇంకో రెండురోజులు చూసి ఉంటే?

(జబ్బు తీవ్రంగా ఉండి ఆసుపత్రిలో చేరినవాళ్ళకి 48 గంటలు దాటినా ఇస్తారు. ఆలస్యమైందని వెళ్ళడం మానకండి.)

ముఖ్యంగా గర్భిణుల విషయం. కడుపుతో ఉన్నప్పుడు ఏ మందూ వేసుకోకూడదని మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ పట్టుదల. చాలావరకు అది మంచి జాగ్రత్తే. కానీ గర్భిణికి ఫ్లూ వస్తే న్యుమోనియాలోకి దిగే ప్రమాదం మామూలువాళ్ళకన్నా ఎక్కువ. ఈ మందు గర్భిణులకి ఇవ్వవచ్చనే వైద్యులు చెబుతున్నారు. కోడలికి నూటరెండు జ్వరం, దగ్గు ఉంటే "తులసి రసం తాగి పడుకో అమ్మా" అనకండి. అదే రోజు డాక్టరుకి చూపించండి.

మన వంటింటి ముచ్చట ఒకటి చెప్పనా? ఈ ఒసెల్టామివిర్ తయారీకి మొదలు ముడిసరుకు ఎక్కడిదనుకున్నారు? మనం బిర్యానీలో వేసే అనాసపువ్వు నుంచి తీసిన షికిమిక్ ఆమ్లం! అలాగని బిర్యానీలో నాలుగు పువ్వులు ఎక్కువ వేస్తే ఫ్లూ తగ్గదు సుమండీ. ఆ ఆమ్లం ఎన్నో రసాయన మార్పులు పొందాకే మందవుతుంది.

రిపోర్టు వచ్చాక

"లేదు" అని వస్తే ఏ వైరస్సూ లేదని కాదు. వెతికిన వైరస్‌లు ఆ శాంపిల్‌లో దొరకలేదని మాత్రమే. "ఉంది" అని వచ్చినా కాస్త ఆలోచించాలి. పిల్లల ముక్కుల్లో రైనోవైరస్ లాంటివి జలుబు తగ్గిన తర్వాత కూడా కొన్ని వారాలు కనిపిస్తుంటాయి. ఒకేసారి రెండు వైరస్‌లు ఉండటమూ మామూలే. అందుకే రిపోర్టుని చూసుకుని మనమే వైద్యం చేసుకోవడం కుదరదు, పిల్లాణ్ణి చూసిన డాక్టరే దాన్నీ చూడాలి.

వైరస్ అని తేలితే యాంటీబయాటిక్ అవసరం లేదు. 2023లో హెచ్3ఎన్2 ఎక్కువగా ఉన్నప్పుడు భారతీయ వైద్యుల సంఘం కూడా జలుబు, దగ్గు, జ్వరాలకి ఊరికే యాంటీబయాటిక్స్ రాయొద్దని డాక్టర్లకే చెప్పింది. జ్వరం మూడురోజుల్లో తగ్గినా దగ్గు మూడువారాల దాకా ఉండవచ్చని కూడా చెప్పింది. దగ్గు ఇంకా పోలేదని రెండోసారి మందుల షాపుకి వెళ్ళేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. కాకపోతే ఒక మినహాయింపు. జ్వరం పూర్తిగా తగ్గి, ఒకటి రెండు రోజులు బాగుండి, మళ్ళీ ఎక్కువగా వచ్చి దగ్గు ముదిరిందంటే వైరస్ వెనకాలే బ్యాక్టీరియా చేరి ఉండవచ్చు. అప్పుడు యాంటీబయాటిక్ ప్రాణం నిలబెడుతుంది. అది చెప్పాల్సింది డాక్టరే.

పిల్లలకి జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఆస్ప్రిన్ వేయకండి. ఫ్లూ ఉన్న పిల్లల్లో అది కాలేయాన్నీ మెదడునీ దెబ్బతీసే రేయీస్ సిండ్రోమ్‌కి దారితీయవచ్చు. ఏడాది లోపు పిల్లలకి తేనె నాకించకండి. రెండేళ్ళలోపు వాళ్ళకి కర్పూరం, మెంథాల్ ఉన్న బామ్‌లు రాయకండి. మరిగే నీళ్ళగిన్నె ముందు పిల్లల్ని కూర్చోబెట్టి ఆవిరి పట్టడం కూడా వద్దు, ఒళ్ళు కాలిన పిల్లల కథలు ఆసుపత్రుల్లో చాలా వింటాం.

వీటన్నిటికన్నా ముందు పసివాడి చొక్కా విప్పి చూడండి. వాడు ఏడవకుండా ఉన్నప్పుడు పూర్తిగా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలలలోపు బిడ్డకి 60, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళలోపు 40, లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే ఊపిరి వేగంగా ఉన్నట్టు. డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగలేకపోతున్నా, మగతగా పడి ఉన్నా గడియారం చూడనక్కర్లేదు, బయల్దేరండి. ఆ రాత్రి నేను ఈ లెక్క తెలియక గంటసేపు వాడి గుండెలకి నూనె రాస్తూ కూర్చున్నాను.

ఒక్కరి ముక్కులోంచి అందరికీ

2009 మే నెలలో దేశంలోనే తొలి స్వైన్‌ఫ్లూ కేసు మన హైదరాబాదులోనే బయటపడింది. అప్పట్లో దాన్ని పరీక్షించగలిగిన ల్యాబ్‌లు దేశం మొత్తానికి వేళ్ళమీద లెక్కపెట్టేటన్నే, శాంపిల్స్ పుణె, ఢిల్లీ వెళ్ళాల్సి వచ్చేది. ఇప్పుడు నారాయణగూడలోని ఐపీఎం, గాంధీ మెడికల్ కాలేజీ, తిరుపతి స్విమ్స్ లాంటిచోట్ల మన దగ్గరే వైరస్ పరీక్షలు చేసే ల్యాబ్‌లున్నాయి. 2025 జనవరిలో బెంగుళూరులో ఇద్దరు పసిపిల్లలకి హెచ్ఎంపీవీ ఉందని తెలిసింది కూడా, ఇలా మామూలుగా జరిగే పరీక్షల్లోనే. టీవీలు గగ్గోలు పెట్టాయి కానీ, అది కొత్త వైరస్ కాదు. 2001లోనే నెదర్లాండ్స్‌లో కనిపెట్టారు.

ఇలా ఊరూరా దొరికిన వైరస్‌ల వివరాలు చూసే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా రెండుసార్లు, ఫిబ్రవరిలోనూ సెప్టెంబరులోనూ, ఫ్లూ టీకాలో ఏమేం ఉండాలో చెబుతుంది. బి రకంలో యమగాటా అనే శాఖ 2020 మార్చి తర్వాత ప్రపంచంలో ఎక్కడా రుజువుగా దొరకలేదు. దాంతో 2023 సెప్టెంబరులో, టీకాలో అది ఇక అక్కర్లేదన్నారు. ఎవరి ముక్కులోంచో తీసిన పుల్ల మీ చేతికి పొడిచే సూదిని మార్చిందన్నమాట.

మా అత్తగారు ఐదోరోజుకి లేచి తిరిగారు. బాబు నాలుగురోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఈ ఏడు వానలు మొదలవకముందే, మే నెలలో ఇద్దరికీ ఫ్లూ టీకా వేయించాం. ఆరు నెలలు దాటిన పిల్లలకి వేయవచ్చు. వాడికి మొదటిసారి కనుక నెల తేడాతో రెండు డోసులు పడ్డాయి. ఆరు నెలలలోపు వాళ్ళకి వేయరు కాబట్టి తల్లి కడుపుతో ఉన్నప్పుడే వేయించుకోవాలి, ఆ రక్షణ కొంత బిడ్డకీ అందుతుంది. ఆర్‌ఎస్‌వీకి మాత్రం ఈ సూది పనిచేయదు. అందుకే మా ఇంట్లో ఇప్పుడు ముక్కు కారుతున్నవాళ్ళెవరూ వాణ్ణి ఎత్తుకోవడానికి వీల్లేదు. ముందుగా ఆ రూలు పెట్టింది మా అత్తగారే.